తాతగారి పొగగొట్టం

మూలకుళంలోని మా ఇంట, పాత బీరువా పై అరలో, పట్టుగుడ్డలో చుట్టిన మట్టి పొగగొట్టం ఒకటి ఉన్నది. దాని గిన్నె, గడ్డమూ తలపాగా గల ఒక వృద్ధుని శిరస్సు ఆకారంలో ఉంటుంది. కాడ సగం విరిగిపోయింది. గత సంక్రాంతికి వచ్చిన నా మనుమడు దానిని పళ్ల మధ్య కరచిపట్టుకొని, "తాతయ్యా, ఒక ఫోటో తీయవా?" అన్నాడు. నేను చప్పున లాగుకొన్నాను. ఇరవై యేళ్లవాడు, చిన్నబుచ్చుకొన్నాడు. వాని చొక్కానుంచి వచ్చే సిగరెట్టు వాసన నేను అంతకు ముందే పసిగట్టాను. ఆ రాత్రి వానికి ఈ కథ చెప్పాను.

మా స్వస్థలం యానాం. విలీనం తరువాత మా నాన్నగారి ఉద్యోగరీత్యా, సుమారు 800 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరికి తరలివచ్చాము. మా తాతగారు ఫ్రెంచివారి కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఆయన యౌవనంలో ఒక దొర ఈ పొగగొట్టాన్ని బహూకరించాడట. పగలంతా లంక పొగాకు చుట్టలు కాల్చేవారు. సాయంకాలం అరుగుమీద కూర్చొని, అదే పొగాకును నలిపి ఈ గిన్నెలో దట్టించి వెలిగించేవారు. తలపాగాను చూచి, అది గోదావరి లంకల రైతు బొమ్మ అని పిల్లలమంతా నమ్మేవాళ్లం. తలపాగాపై ఫ్రెంచి అక్షరాలున్నాయి. "నేనే నిజమైన జాకబ్‌ను" అని వాటి అర్థం. "మరి అబద్ధపు జాకబ్ ఎవరు తాతయ్యా?" అని నేనడిగితే నవ్వి ఊరకొనేవారు.

దానికి సమాధానం ఉద్యోగ విరమణ చేసిన తరువాత, పుస్తకాలు తిరగవేస్తే గాని దొరకలేదు. కాడపై "గాంబియే, పారిస్" అని ముద్ర ఉన్నది. నిజానికి అది పారిస్‌లో పుట్టిన వస్తువు కాదు. ఫ్రాన్సుకు ఉత్తరపు కొసన, బెల్జియం సరిహద్దులో, మ్యూజ్ నది ఒడ్డున జివే అనే చిన్న పట్టణమున్నది. 1780లో గాంబియే వంశీయుడు అక్కడ ఈ కర్మాగారాన్ని నెలకొల్పాడు. తెల్లని మెత్తటి మట్టిని కడ్డీలుగా చేసి, కాడలో సన్నని తీగ దూర్చి, రెండు చెక్కల లోహపు అచ్చులో బిగించేవారు. ఆరిన తరువాత కొలిమిలో కాల్చేవారు. రాజులు, సైనికులు, కవులు, దేశదేశాల మనుష్యులు, ఇలా వందలాది శిరస్సులు ఆ అచ్చులలో రూపు దిద్దుకొన్నాయి. వాటిలో అన్నిటికన్న పేరు పొందినది జాకబ్. ఇతర కర్మాగారాలవారు దానిని అనుకరించసాగారు. ఎన్నో నకళ్ల నడుమ "నేనే నిజమైన జాకబ్‌ను" అని చెప్పుకోవలసి వచ్చిందన్నమాట. అదే ఆర్డెన్ సీమలో పుట్టిన కవి ఆర్థర్ రేంబో తన పద్యమొకదానిలో పళ్ల మధ్య గాంబియే పెట్టుకొన్న మనిషిని వర్ణించాడు. పొగగొట్టానికి ఆ సంస్థ పేరే మారుపేరైంది.

ఇంతటి సంస్థ ఎలా అంతరించింది? మట్టి పగులుతుంది, కాలుతుంది. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధంలో, సెయింట్ క్లోడ్ పట్టణంలో బ్రయర్ అనే పొద వేరుతో చేసిన పొగగొట్టాలు వచ్చాయి. అవి తేలికగా పగలవు, పెదవిని కాల్చవు. ఆ వెనుక చౌక సిగరెట్టు వచ్చింది. 1914లో మహాయుద్ధం మొదలై జివే జర్మనుల వశమైంది. చివరకు 1926లో ఆ కర్మాగారం మూతపడింది. 146 సంవత్సరాల వైభవం అంతటితో ముగిసింది.

ఇంతవరకు మనుమడు కుతూహలంతో విన్నాడు. "అలాగైతే ఇది చాలా విలువైన వస్తువే!" అన్నాడు. అప్పుడు మిగిలిన కథ చెప్పాను.

తాతగారి పొగగొట్టం ఒకనాడు జారి, కాడ విరిగింది. ఆయన దానిని వదలలేదు. కాడ పొట్టిదైన కొద్దీ గిన్నె వేడి పెదవికి దగ్గరవుతుంది. కొంతకాలానికి ఆయన కింది పెదవిపై చిన్న పుండు లేచింది. కొబ్బరినూనె రాసుకొని ఊరుకొన్నారు. వైద్యునికి చూపేసరికి అది క్యాన్సరు అన్నారు. పొగగొట్టం కాల్చేవారికి పెదవిపై ఈ వ్యాధి వస్తుందని జర్మన్ వైద్యుడు సోమెరింగ్ 1795లోనే గుర్తించాడు. అప్పటికి జివేలో కర్మాగారం పెట్టి పదిహేనేళ్లు మాత్రమే! ఆ మాట మా యానాం అరుగు వరకు రాలేదు. 1961లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, తాతగారు పోయారు. చివరి నెలలలో ఆయన నాతో మాటాడలేకపోయారు. పలకమీద వ్రాసి చూపేవారు.

ఈ సంగతులన్నీ కళ్లారా చూచి కూడా నేను ముప్పై యేళ్లు సిగరెట్టు కాల్చాను. మానడానికి మూడుమార్లు ప్రయత్నించవలసి వచ్చింది. ఆ మాట దాచకుండా వానికి చెప్పాను.

వాడు చాలాసేపు మాటాడలేదు. తరువాత, "మరి దీనిని పారవేయలేదెందుకు, తాతయ్యా?" అన్నాడు.

"ఆయన చేతివేళ్ల ముద్ర మిగిలిన వస్తువు ఇదొక్కటే నాయనా" అన్నాను.

మరునాడు ఉదయం వాడు ప్రయాణమయ్యాడు. సిగరెట్టు మానుతానని మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు. కాని బయలుదేరే ముందు, బల్లమీద ఉన్న పొగగొట్టాన్ని తానే జాగ్రత్తగా పట్టుగుడ్డలో చుట్టి, బీరువా పై అరలో పెట్టి, తలుపు మూసి, తాళంచెవి నా చేతిలో ఉంచాడు.