జిన్ ఆషిఖ్

పోయిన రంజాన్‌లో, ఫజర్ నమాజ్ తర్వాత నిద్ర పట్టని వేళల్లో ట్విలైట్ నాలుగు భాగాలూ మళ్లీ చదివాను. రోజా ఉండి రక్తం తాగేవాళ్ల కిస్సాలేమిటని అమ్మీ గొణిగింది. ఖైర్, ఆమెకి నా నిద్ర గురించే ఫికర్.

స్టెఫనీ మేయర్ ఈ నాలుగూ 2005 నుంచి 2008 దాకా రాసింది. నేను 2009లో ఆబిడ్స్ ఆదివారం బజార్‌లో, ఫుట్‌పాత్ మీద కొన్నాను. పేపర్లో నైట్ డ్యూటీ దిగాక చదివేదాన్ని. ఉర్దూ మీడియం పిల్లకి డిక్షనరీ ముట్టకుండా ఇంగ్లీషు నవల సాగిపోవడం చిన్న ఖుషీ కాదు.

కథ మాత్రం అజ్నబీగా అనిపించలేదు. మగ్రిబ్ వేళ జుట్టు విరబోసుకుని మిద్దెక్కితే జిన్ ఆషిఖ్ అవుతాడని నానీమా బెదిరించేది. మాకు లోలోపల షౌఖ్‌గానే ఉండేది. ఎడ్వర్డ్ ఆ జిన్నే. 1918లో షికాగోలో ఇన్‌ఫ్లుయెంజాతో చావబోతూ వాంపైర్ అయి, పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయినవాడు. న్యూ మూన్‌లో అతను వదిలేసి పోయాక, నెల పేరు తప్ప ఇంకేమీ లేని పేజీలు వరసగా వస్తాయి. హిజ్ర్ అంటే ఇదే కదా అని ఏడ్చాను. ఇప్పుడు కూడా అక్కడ కళ్లు తడిశాయి, ఝూట్ ఎందుకు.

ఈసారి అడ్డం పడింది బెల్లా గది కిటికీ. ఆమెకి తెలియకుండా రాత్రుళ్లు లోపలికొచ్చి, నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. మన గజల్‌లో ఆషిఖ్ ఎంత దీవానా అయినా మాషూఖ్ గల్లీలో దుమ్ము తింటూ నిలబడతాడే గానీ దర్వాజా దాటడు. ఎక్లిప్స్‌లో జేకబ్ దగ్గరికి పోకుండా హిఫాజత్ పేరుతో ఆమె బండి ఇంజిన్‌లో పార్టు పీకేస్తాడు. 2020లో ఎడ్వర్డ్ వైపు నుంచి రాసిన మిడ్‌నైట్ సన్ వచ్చింది. అందులో తనని తాను ఎన్ని తిట్టుకుంటాడో! కానీ కిటికీ కిర్రుమంటోందని నూనె తేవాలనుకుంటాడు.

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఆ వారమంతా డెస్క్ మీద ‘ప్రేమోన్మాది’ అనే మాటే. అందులో ప్రేమ ఎందుకు సార్ అని అడిగితే, సీనియర్ ఒకాయన, ‘హెడ్డింగ్‌లో సరిపోతుంది కదమ్మా’ అన్నాడు. వెంటపడటమే జుర్మ్ అని మన చట్టంలో రాసుకోవడానికి 2013 దాకా పట్టింది.

డిగ్రీలో చదివిన మనుచరిత్ర కూడా గుర్తొచ్చింది. వరూధిని ప్రవరుణ్ని కోరుకుంది, అతను కాదని వెళ్లిపోయాడు. గంధర్వుడొకడు అదే రూపంలో వచ్చి, తనతో ఉన్నప్పుడు కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. మాకు పరీక్షలో ప్రవరుడి నిష్ఠ మీద ప్రశ్న వచ్చేది. వరూధినికి జరిగిన ధోకా మీద ఒక్కసారీ రాలేదు. పెద్దన పద్యాల మీద నా మొహబ్బత్ తగ్గలేదు, ఆ ప్రశ్నపత్రాల మీదే గుస్సా.

నా బిడ్డకి పదిహేనేళ్లు. షెల్ఫ్‌లో ఆ నాలుగూ చూసి అడిగింది. ముందే చెప్పేస్తే కిస్సా ఖరాబవుతుంది, దాచేస్తే ఫోన్‌లో చదువుతుంది. ఇచ్చేశాను. నిన్న రాత్రి ఒంటిగంటకి కూడా దాని గదిలో లైటు వెలుగుతోంది. న్యూ మూన్‌లోకి వచ్చినట్టుంది.