డ్యూటీ దిగాక ఏ దారిన?

నేను భూపాలపల్లిలో డాక్టరుగా పనిచేసిన రోజుల్లో ఒక సింగరేణి కార్మికుడు మూడోసారి అడ్మిట్ అయ్యాడు. చేతులు వణుకుతున్నాయి, గోడ మీద లేని పురుగుల్ని చూసి అరుస్తున్నాడు. రోజూ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే వచ్చే స్థితి అది. థయమిన్ ఇంజెక్షన్లు, నిద్రమందు, సెలైన్లు. నాలుగో రోజుకి మనిషి తేరుకున్నాడు. దిండు కింద నల్ల అట్ట బైబిలు.

"ప్రార్థనల ఏడుస్తడు సార్. ఇడిసిపెడతనని దేవునికి మాటిస్తడు. వారం తిరగకముందే మళ్ల గదే" అంది భార్య.

మొదటి రెండుసార్లు నేను లివర్ రిపోర్టు చూపించి భయపెట్టి పంపాను. అది నా పొరపాటే. ఈసారి, "డ్యూటీ దిగినంక ఇంటికి ఏ తొవ్వన పోతవు?" అని అడిగాను. దుప్పటి మీద వేలితో గీసి చూపించాడు. గని గేటు, బండ్ల స్టాండు, మలుపు కాడ బెల్టు షాపు, దాని వెనక బల్ల, బల్ల మీద నలుగురు దోస్తులు. ఆ తర్వాతే ఇల్లు. "ఆగకుంటే పేరు పెట్టి పిలుస్తరు సార్."

అలవాటు పడ్డ మెదడుకి ఆ బల్ల, ఆ వాసన, ఆ పిలుపు చాలు. ఆయనకు విశ్వాసం తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. రోజూ అదే మలుపులో ఒంటరిగా పోరాడి ఓడిపోతున్నాడు. శోధనలోకి తీసుకుపోవద్దని పొద్దున వేడుకున్న మనిషి సాయంత్రం తన కాళ్ళతోనే అక్కడికి పోతున్నాడు. వాళ్ళ చర్చి సంఘంలో అదే షిఫ్టు చేసే ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి కబురు పెట్టించాను. ఆయన బండి మీద ఎక్కించుకుని చుట్టుదారిన ఇంటికి చేర్చడం మొదలుపెట్టాడు.

ఇలాంటి కేసు చూసినప్పుడల్లా నాకు డోర్నకల్ గుర్తొస్తుంది. మా అమ్మ పుట్టిల్లు అటువైపే. 1912లో అక్కడ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్. తమిళనాడు నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రల్‌ని చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. నాకు మాత్రం ఆయన పేరు వింటే ఆ గుమ్మటాల కన్నా ముందు, పల్లెల్ని పీడిస్తున్నాయని ఆయన చెప్పిన నాలుగు దయ్యాలు గుర్తొస్తాయి: మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటిలో నా ఓపీ రిజిస్టరుకి ఎక్కేది రోగం ఒక్కటే. దాన్ని నా దగ్గరికి తోలేది మిగతా మూడు.

మహబూబాబాద్‌లో ఒక మిర్చి రైతుకి ఎన్ని మందులు మార్చినా బీపీ దిగలేదు. 2021లో నల్ల తామర పురుగు తోటను ఊడ్చేసి అప్పు మిగిల్చింది. అప్పిచ్చినాయన అదే చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటాడు. ఇతను చివర్న కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్ళిపోతాడు. అప్పిచ్చినాయన్ని పాస్టరు గారి దగ్గరే కూర్చోబెట్టి గడువు అడగమన్నాను. అడిగాడు, దొరికింది. ఆ తర్వాతే నిద్ర పట్టిందన్నాడు.

జనగామలో చూసిన పెద్దమ్మ సంగతి వేరు, ఆమెది ఒంటరితనం. కొడుకులు హైదరాబాద్‌లో. శ్రమల దినాల్లో ఉపవాసముండి, షుగర్ గోలీ మాత్రం మానకుండా పరగడుపునే వేసుకుంది. ఇంటి అద్దె వసూలుకొచ్చినాయన చూసి మోసుకొచ్చేసరికి ఒళ్ళంతా చెమట, షుగర్ 42. గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచింది. ఆ గోలీ ప్రభావం మళ్ళీ లాగుతుందని మర్నాటి దాకా ఉంచేశాం.

"చర్చికి పోతలేవా, అమ్మా?"

"మోకాళ్ళ నొప్పులు బిడ్డా. ఫోన్లనే ఇంట. పొద్దుగాల మూడు ప్రసంగాలు, రాత్రి రెండు."

ఆ ప్రసంగాల్లో ఆమెకి ఆదరణ దొరికిందనడంలో నాకు సందేహం లేదు. కానీ చెప్పేవాళ్ళెవరికీ ఈమె చెయ్యి వణకడం కనబడదు. చర్చి రెండు వీధుల అవతలే ఉంది. ఉపవాసం వద్దనలేదు నేను. గోలీ వేసుకున్న పూట తినాల్సిందేనని, ఆదివారం మాత్రం ఎవరినైనా తోడు పిలుచుకుని వెళ్ళమని చెప్పాను.

నెల తర్వాత మళ్ళీ వచ్చింది. వెంట స్త్రీల కూటం వాళ్ళు ఇద్దరు. అందులో ఒకామె చేతిలో ఈమె గోలీల డబ్బా ఉంది. మూత మీద పెన్నుతో, తిన్నాకే అని రాసి ఉంది.