కాన్పుల వార్డు నుంచి కైరో దాకా

జనాభా అనగానే మనకు అంకెలు గుర్తొస్తాయి. నఫీస్ సాదిక్‌కు మాత్రం ముందు కాన్పుల వార్డే గుర్తొచ్చి ఉంటుంది. 1929లో జౌన్‌పూర్‌లో పుట్టి, కరాచీలో డాక్టరీ చదివి, పాకిస్తాన్ సైనిక ఆసుపత్రుల్లో ఆడవాళ్ల, పిల్లల వార్డులు చూసుకున్నారామె. ఎడం లేని కాన్పులతో ఒంట్లో రక్తం లేక పాలిపోయిన తల్లికి ‘కొన్నాళ్లు ఆగమ్మా’ అని చెప్పడం తేలికే. ఆగాలో వద్దో తేల్చేది మొగుడూ అత్తగారూ అయినప్పుడు ఆ సలహా ఎందుకు కొరగాను?

1971లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధిలో చేరి, 1987లో దానికి అధిపతి అయ్యారు. పదవుల సంగతి అటుంచి, నా మనసు 1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సు దగ్గరే ఆగుతుంది. వాటికన్ గట్టిగా అభ్యంతరం చెబుతుంటే, పోప్ రెండవ జాన్ పాల్‌ను స్వయంగా కలిసి తన వాదన వినిపించారు. చివరికి 179 దేశాలు స్త్రీ ఆరోగ్యం, చదువు, నిర్ణయాధికారాలకే పెద్దపీట వేసే కార్యాచరణకు ఒప్పుకున్నాయి.

కైరో తర్వాత, 1996లో మన దేశం కుటుంబ నియంత్రణ టార్గెట్లను ఎత్తేసింది. ఎమర్జెన్సీ నాటి బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులు తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కైరో సదస్సు జరిగిన 1994లోనే ఆంధ్రప్రదేశ్ మాత్రం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లను పంచాయతీ ఎన్నికలకు అనర్హులను చేసింది. 2024లో ఆ నిబంధన తీసేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. అప్పుడూ ఇప్పుడూ ఇంటి ఆడమనిషిని అడిగినవాళ్లు లేరన్నదే నా బాధ.