ముక్కూమొహం తెలియనివాళ్ళతో నీళ్ళ తగువు

రాజకీయాలు మాట్లాడుకోవడానికి అయినవాళ్ళ కంటే కానివాళ్ళే మేలని నా గట్టి నమ్మకం. అయినవాళ్ళ దగ్గర మాట మధ్యలో తుంచేస్తాం. బావమరిది ఒక పార్టీ, మనం ఒక పార్టీ అయితే పెళ్ళి భోజనాల దగ్గర ఇద్దరం వానల గురించి మాట్లాడుకుని విస్తరి ముందు నుంచి లేస్తాం. ఎన్నికల నెల వచ్చిందంటే చాలు, ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ కొడుకెవరో "ఇక్కడ రాజకీయాలొద్దు" అని ఒక ముక్క పెడతాడు. మిగతావాళ్ళు దండాల బొమ్మలు పెట్టి ఊరుకుంటారు. చుట్టరికాలు నిలబడాలి గనుక అదీ సబబే. కాకపోతే అక్కడ ఏ మాటకూ పరీక్ష ఉండదు. మనం ఏదో ఒకటి అనేస్తే "నీకెవరు చెప్పారు, ఎక్కడుంది?" అని బావమరిది నిలదీయడు. ఆ పని చేసేది ఊరూ పేరూ తెలియని మనిషే.

వెనకటికి ఇది టీకొట్టు బల్ల మీద జరిగేది. ఒకే పేపరు నాలుగు ముక్కలై నాలుగు చేతుల్లో ఉండేది. పక్కవాడి చేతిలో ఉన్న పేజీ మనం చదవకుండానే దాని మీద వాదన మొదలయ్యేది. మర్నాడు మళ్ళీ అదే బల్ల మీద కూర్చోవాలి గనుక నోరు కొంత అదుపులో ఉండేది. ఫోన్లో వాదించేటప్పుడు ఆ మర్నాడు లేదు. దానివల్ల పోయిందేమిటో అందరూ చెబుతూనే ఉన్నారు. వచ్చిందేమిటో నేను చెప్పదలచుకున్నాను.

2023 నవంబరు 30, తెలంగాణ అసెంబ్లీ పోలింగు రోజు. ఆ తెల్లవారకముందే ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చారు. ఉన్న 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్ళకంచె వేసి, సగం డ్యామ్ మాదన్నారు. కుడి కాలువకు నీళ్ళు వదిలారు. అవతల తెలంగాణ పోలీసులు నిలబడ్డారు. చివరికి కేంద్రం కలగజేసుకుంటే డ్యామ్ కాపలా సీఆర్పీఎఫ్ చేతికి వెళ్ళింది. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల పోలీసులు ఒకే ఆనకట్ట మీద కంచెకు అటూ ఇటూ నిలబడటం చూసి నాకు కడుపులో దేవినట్టయింది. మాది తెనాలి వైపు, కృష్ణా డెల్టా. మా అమ్మానాన్నల బతుకంతా కాలువ మీదే గడిచింది.

ఆ రోజు ఫోన్లో వాదన ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ముందుగా వచ్చేవి నీళ్ళ మాటలు కావు, నువ్వెవరివనే మాటలు. ఒక పార్టీని సమర్థిస్తే పేటీఎం బ్యాచ్, ఇంకో పార్టీని సమర్థిస్తే పచ్చ బ్యాచ్. పార్టీ తేలకపోతే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చెబితే కులం తేలుతుందని వాళ్ళ లెక్క, కులం తేలితే ఇక మన మాట వినక్కర్లేదని. తెలుగువాళ్ళ వాదనలకు పట్టిన చీడల్లో ఇది అన్నిటికంటే పాతది. నేను ఇంటిపేరు చెప్పను. అడిగినవాళ్ళతో నీళ్ళ గురించి మాట్లాడటం ఆపను కూడా. "నా ఇంటిపేరు ఏదైనా 811ని 811 అనే అంటాను" అని రాసి ముందుకు వెళ్తాను.

811 అంటే బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణలో ఇచ్చిన టీఎంసీలు. ఒక టీఎంసీ శతకోటి ఘనపుటడుగుల నీళ్ళు. రాష్ట్రం 2014 జూన్ 2న రెండయింది. 2015లో కేంద్రం దగ్గర కూర్చుని రెండు ప్రభుత్వాలూ తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నాయి. ఆ తాత్కాలికం చుట్టూనే ఇన్నేళ్ళుగా తగువు నడుస్తోంది. నేను రాసింది ఇంతే: డెల్టా వాడకం ఇవాళ నిన్నటిది కాదు, బెజవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లోనే పూర్తయింది, బచావత్ కూడా డెల్టాకు 181.20 టీఎంసీలను గుర్తించింది, ముందునుంచీ ఉన్న ఆయకట్టును ఎండబెట్టి కొత్తది తడపడం న్యాయమవుతుందా?

తిట్లన్నీ కిందికి జారిపోయాక ఒక మనిషి మిగిలాడు. బొమ్మ లేదు, పేరు సొంతపేరు కాదు. నల్లగొండ వైపువాడని యాసలోనే తెలిసింది. "1855 సంది నీళ్ళు మీకు పారుతున్నయని నువ్వే చెప్తున్నవ్ గద. మరి మాకు ఎప్పటి సంది పారాలె? పరివాహకం 68 శాతం మా దిక్కుంది, నీళ్ళు 299. గిదేం లెక్క? మా నాయన పండ్లు సూస్తే తెలుస్తది బోరు నీళ్ళంటే ఏందో."

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పళ్ళ మీద ఆ గోధుమరంగు గారలు, పాతికేళ్ళకే వంగే నడుములు, ముడుచుకుపోయిన కాళ్ళు, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ళ ఫొటోలు చూడని తెలుగువాడు ఉండడు. అతనికి జవాబు రాసేముందు మన తార్కికులు పెట్టుకున్న పద్ధతి ఒకటి పాటించాను. ముందు పూర్వపక్షం చెప్పాలి. అంటే అవతలివాడి వాదనను అతనే "అవును, నేనన్నది ఇదే" అనేలా మనమే ముందు వినిపించాలి. ఆ తర్వాతే ఖండించాలి. న్యాయదర్శనంలో తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకునేదాన్ని వితండమన్నారు. ఇవాళ ఫోన్లలో నడిచేదంతా వితండమేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే నల్లగొండ మనిషికి పక్షం ఉంది, బలమైన పక్షం.

అందుకని ముందు అతని వాదన రాశాను. నది తన జిల్లా అంచునే పోతున్నా తమ పొలాలు ఎత్తులో ఉన్నాయి గనుక కాలువ ఎక్కదు, ఎత్తిపోతలకు కరెంటు కావాలి, ముందు వాడుకున్నవాడికే హక్కు అంటే ముందు వాడుకునే వీలు లేనివాడికి ఎప్పటికీ హక్కు రాదు. ఇది రాస్తుంటే నాకే ఆ వాదనలో బరువు తెలిసింది. ఆ తర్వాత నాది. డెల్టా చివరి భూముల్లో నీరు తగ్గితే ఉప్పు పైకి వస్తుంది. రాయలసీమ చూపూ శ్రీశైలం మీదే ఉంది. ఆ ప్రాజెక్టు కింద కర్నూలు ఊళ్ళూ మునిగాయి, మహబూబ్‌నగర్ ఊళ్ళూ మునిగాయి. ఇక ఫ్లోరైడ్ మాట. మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి ప్రాంతాల్లో. సాగర్ కుడి కాలువ నీళ్ళు వెళ్ళేది ఆ దర్శి వైపుకే.

చాలాసేపటికి జవాబు వచ్చింది. "అన్నా, దర్శి ఏడ ఉంటది?"

అప్పటిదాకా "నువ్వు", "గద" అన్న మనిషి "అన్నా" అన్నాడు. ఒంగోలుకు పడమరగా, కుడి కాలువ చివరి వైపున ఉంటుందని చెప్పాను. "అక్కడ ఇంక గారపండ్లే ఉన్నయా?" అని అడిగాడు. ఇంకా కొన్ని ఊళ్ళలో ఉన్నాయన్నాను. అంతటితో మేమిద్దరం ఒకటైపోయామని కాదు. సగం సగం పంచాలనే మాట అతను వదల్లేదు. డెల్టా వాటా ముట్టుకోవద్దనే మాట నేనూ వదల్లేదు. కానీ ఆ తర్వాత మా మధ్య నడిచినదంతా నీళ్ళ లెక్కే. శ్రీశైలం నుంచి సీమకు నీళ్ళు వదిలే పోతిరెడ్డిపాడు తూములోంచి ఎంత పోతుంది, దాన్ని 11,000 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచినప్పుడు ఎవరు ఏమన్నారు, పాలమూరు ఎత్తిపోతలకు నికరజలాలు ఏ పద్దు కింద వస్తాయి. దాయాదుల తగువులో పొలం గట్టు మీద నిలబడి సర్వే రాయి వెతికినట్టు ఉంది ఆ సంభాషణ. నా ఊళ్ళో, నా వాళ్ళ మధ్య ఎన్నేళ్ళు కూర్చున్నా ఎవరూ నన్ను ఆ ప్రశ్నలు అడగరు. మాకందరికీ జవాబు ఒకటే.

పేరు దాచుకుని మాట్లాడే మనిషితో మాటేమిటని కొందరు పెద్దలంటారు. ఆధార్ చూపిస్తేనే మాట్లాడనివ్వాలనే వాదన కూడా విన్నాను. ఇది నాకు సమ్మతం కాదు. ప్రభుత్వ కొలువులో ఉన్న చిన్న గుమస్తా, ఊళ్ళో మోతుబరికి భయపడే దళిత యువకుడు, అత్తింట్లో ఫోను పట్టుకుని చదివే కోడలు తమ పేరు పెట్టి మాట్లాడలేరు. వాళ్ళ నోరు మూయించి మనం చేసుకునే చర్చ ఎవరి చర్చ? చట్టంతో నోరు మూయించాలని ఒకసారి చూశారు కూడా. ఐటీ చట్టానికి 2008లో 66ఎ సెక్షను చేర్చారు. చిరాకు కలిగించే మాట పెట్టినా మూడేళ్ళ దాకా జైలు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో అమ్మాయిని పట్టుకెళ్ళారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షను కొట్టేసింది. చర్చ వేరు, ఒక పక్షం వహించి వాదించడం వేరు, రెచ్చగొట్టడం వేరు, మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా ఆపడానికి వీల్లేదంది. రెచ్చగొట్టే దశకు చేరితేనే చట్టం రావాలంది. ఆ గీత నాకు నచ్చింది.

అయితే చట్టం దాకా పోని హీనత్వం ఒకటుంది. అది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఒక ఆడమనిషి అదే 512, 299 లెక్క రాసిందనుకోండి, నాలుగో జవాబుకల్లా నీళ్ళు పోయి ఆమె ఒళ్ళు, ఆమె ఫొటో, ఆమె ఇంట్లోవాళ్ళు వస్తారు. లెక్క బాగా తెలిసిన ఆడవాళ్ళు చాలామంది అలా మాట్లాడటం మానేశారు. వాళ్ళు మానేసినప్పుడల్లా చర్చకు ఒక కన్ను పోతుంది. మన పక్షంవాడే ఆ కూత కూసినా అక్కడికక్కడ ఆపాలి. ఆ సమయంలో మన వాదన ఓడినా ఫరవాలేదు.

ఎదుటివాడు మారతాడని ఆశపెట్టుకుని వాదించేవాళ్ళు త్వరగా అలిసిపోతారు. నా ధ్యాసంతా చదివి ఊరుకునేవాళ్ళ మీదే. వాళ్ళెవరో తెలియదు. ఎవరివైపూ లేనివాళ్ళు, ఎవరిది నిజమో తేల్చుకోలేక చూస్తున్నవాళ్ళు. నల్లగొండ మనిషితో వాదన ముగిసిన కొన్నాళ్ళకు డిగ్రీ చదివే కుర్రవాడు ఒకడు విడిగా రాశాడు. మీరిద్దరూ అన్నవి ఎక్కడ చదవాలండీ, మా లెక్చరరు గారికి చూపించాలి అన్నాడు. నేను చెప్పింది ఇది. పత్రికల్లో వచ్చే నాయకుల మాటలతో మొదలుపెట్టొద్దు. ముందు 2014 పునర్విభజన చట్టంలో 89వ సెక్షను చదువు. ప్రాజెక్టుల వారీగా నీళ్ళు తేల్చాలని, నీళ్ళు తక్కువైన ఏడాది ఎలా వదలాలో చెప్పాలని బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది అక్కడే. తర్వాత బచావత్ తీర్పులో పట్టికలు చూడు. 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు రెండు రాష్ట్రాల మధ్య పంపకం అప్పగించింది, ఆ విధివిధానాలు చదువు. ఇవన్నీ అయ్యాక నల్లగొండ ఆయన రాసినవి మళ్ళీ చదువు, ఆ తర్వాతే నావి. మా ఇద్దరిలో ఎవరి మాట ఏ పట్టికతో కలవడం లేదో రాసి నాకూ, ఆయనకూ ఇద్దరికీ పంపించు.