కోకురాలో ఒక సాయంకాలం

మరోదా చెరువు గట్టున నడకకు వెళ్ళినప్పుడు మిత్రులు తరచు అడుగుతుంటారు, “జపాన్‌లో ఏమేమి చూశారు?” అని. బుల్లెట్ రైలు సంగతీ, వీధుల శుభ్రతా చెబుతానని వారి ఆశ. నాకు మాత్రం మొదట స్ఫురించేది కోకురాలోని ఒక సారాకొట్టు. మద్యం ముట్టని మనిషి సారాకొట్టును గురించి ఈ పత్రికలో వ్రాయడమేమిటని పాఠకులు శంకించవచ్చు. కారణం లేకపోలేదు.

2019 శీతకాలంలో శిక్షణ నిమిత్తం కిటాక్యూషు నగరంలో పది దినాలు ఉండే అవకాశం లభించింది. మోజి, కోకురా, తొబాత, యవాత, వకమత్సు అనే ఐదు పట్టణాలను కలిపి 1963లో ఏర్పరచిన నగరమిది. వీటిలో యవాత పేరు ఉక్కుతో పరిచయమున్న వారందరూ విన్నదే. అక్కడి ప్రభుత్వ ఉక్కు కర్మాగారం 1901లో జర్మన్ సాంకేతిక సహాయంతో ఉత్పత్తి ప్రారంభించింది. మనకు రష్యన్లు ఎట్లాగో వారికి జర్మన్లు అట్లాగు. 1972లో ఆగిపోయిన హిగాషిదా ఒకటవ బ్లాస్ట్ ఫర్నేసును ‘1901’ అంకెలు తగిలించి స్మారకంగా నిలబెట్టారు. నిజానికి ఇప్పుడు నిలిచి ఉన్నది 1962లో తిరిగి కట్టిన కొలిమి. ఇంజనీరును గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఒక సాయంత్రం మా ఆతిథేయి, పదవీ విరమణ చేసిన ఇంజనీరు, నన్ను ఊరు చూపిస్తానని తీసుకువెళ్ళారు. కోకురా స్టేషను భవనంలోనికే మోనోరైలు దూసుకువస్తుంది. అక్కడికి దగ్గరలోనే తంగా అంగడి. ఇరుకైన దారికి ఇరువైపులా చేపలు, కూరగాయలు, ఊరగాయలు. కవళ్ళ చేపలను తవుడు ఊరగాయ ముద్దతో ఉడికించిన ‘నుకదకి’ అనే కూర రుచి చూశాను. తవుడును పశువులకే పెట్టే మనకు ఆ ఆలోచన ఎందుకు రాలేదా అనిపించింది. చీకటి పడేసరికి సందుల్లో ఎర్ర కాగితపు లాంతర్లు వెలిగాయి. ఎనిమిది మంది పట్టే చిన్న చిన్న బార్లు, గుమ్మాలకు పొట్టి గుడ్డ తెరలు. వాటన్నిటినీ దాటించి ఆయన నన్నొక మద్యం దుకాణంలోకి తీసుకుపోయారు.

కుర్చీలు లేవు. గోడలనిండా సీసాలు, ఖాళీ బీరు పెట్టెలమీద ఒక బల్ల, చేప డబ్బాలు, వేరుశనగ పలుకులు, ఎండబెట్టిన చేపలు. కావలసినది ఎవరికి వారు తీసుకుని, డబ్బు పళ్ళెంలో ఉంచి, నిలుచునే త్రాగుతారు. ధర దుకాణం ధరే. దీనిని ‘కకు-ఉచి’ అంటారు. ఉక్కు కార్మికుల వల్లనే ఇది ఈ ప్రాంతంలో ఇంతగా పాతుకుపోయిందట. రాత్రి షిఫ్టు ముగించుకుని ఉదయం బయటకు వచ్చిన వారికి బార్లు తెరిచి ఉండవు; సరుకు అమ్మే దుకాణం తెరిచి ఉంటుంది. దాని మూలనే నిలబడి ఒక గ్లాసు పుచ్చుకుని ఇంటికి పోయేవారు.

నేను టీ సీసా తీసుకున్నాను. పక్కన నిలుచున్న వృద్ధుడు నా ఉద్యోగం సంగతి తెలుసుకుని, ఏ విభాగమని అడిగాడు. నేను మెకానికల్ అనీ, మా నాన్నగారు కోక్ ఓవెన్‌లలో పనిచేశారనీ ఆతిథేయి ద్వారా చెప్పాను. అతడు మౌనంగా చొక్కా చేయి పైకి మడిచి మోచేతి క్రింద పాత కాలిన మచ్చ చూపించాడు. అతడిదీ కోక్ ఓవెన్లే.

మా నాన్నగారు 1961లో శ్రీకాకుళం ప్రాంతం నుండి భిలాయి వచ్చారు. జీతం రోజున ఆయన రాక కోసం అమ్మ అర్ధరాత్రి దాకా గుమ్మంలో కూర్చునేది. నా చదువంతా ఆ గుమ్మాన్ని చూస్తూనే సాగింది. త్రాగడం మనోదౌర్బల్యమని నా స్థిరాభిప్రాయం. ఆయన పోయిన తరువాత కూడా దానిని మార్చుకోలేదు.

వృద్ధుడు చెప్పాడు, “రాత్రంతా ఓవెన్ల పైకప్పు మీద కాళ్ళు మాడేవి. పగటి వెలుతురులో నిద్ర పట్టేది కాదు. అందుకే ఒక గ్లాసు. ఎవరికి ఎన్ని గ్లాసులో కొట్టు యజమానురాలికి తెలుసు. నాకు రెండు. మూడవది అడిగితే పోసేది కాదు.” ఆ లెక్క అందరినీ కాపాడిందా అని అడిగాను. అతడు తల అడ్డంగా ఊపాడు. తన జట్టులోని ఒకడు ఇక్కడ రెండు పుచ్చుకుని పక్క కొట్టుకు పోయేవాడట. యాభై ఏళ్ళు నిండకుండానే పోయాడట. తరువాత తన గ్లాసు పైకెత్తి, మా నాన్నగారి కోసమని త్రాగాడు. నేను టీ సీసా ఎత్తాను. ఏమని చెప్పాలో తోచలేదు.

2022లో తంగా అంగడి రెండుసార్లు అగ్ని ప్రమాదానికి గురైనదని పత్రికలలో చదివి ఆతిథేయికి ఉత్తరం వ్రాశాను. ఆ కొట్టు క్షేమమేనని జవాబు వచ్చింది. వృద్ధుడి ప్రస్తావన అందులో లేదు.

జపాన్ నుండి వచ్చిన వారానికి ఈ కథంతా అమ్మకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ విన్నది. “రెండు గ్లాసులకే ఆపేసేదా ఆవిడ?” అన్నది. కొంతసేపటికి, “మీ నాన్నయితే మూడోదాని కోసం ఆవిడతో తగువులాడి ఉండేవారు,” అని నవ్వింది. ఆ విషయం మీద ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు.