చిర్రగోనె, గిల్లీ డండా, అఫా

మా ఇంట్లో ఒక ఆటకు మూడు పేర్లుండేవి. అబ్బా ‘గిల్లీ డండా’ అనేవాడు. వాకిట్లో దోస్తులు ‘చిర్రగోనె’ అనేవాళ్ళు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన తెలుగు సారు ‘బిళ్ళంగోడు’ అని రాయించేవాడు. కట్టె అదే, చిర్ర అదే, నేల మీద తవ్విన గుంత అదే. నేను మాత్రం గడప దాటినప్పుడల్లా పేరు మార్చుకోవాలె. ఇంట్లో చిర్రగోనె అంటే అబ్బా ముఖం చిన్నబుచ్చుకునేవాడు. వాకిట్లో గిల్లీ అంటే ‘తుర్కోళ్ళ మాట’ అని నవ్వేవాళ్ళు. బడిలో ఈ రెంటిలో ఏది రాసినా ఎర్ర సిరా పడేది.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. అమ్మీ పుట్టిల్లు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి. సంక్రాంతి సెలవులు వచ్చాయంటే డిండి దాటి నానీమా ఇంటికి పోయేవాళ్ళం. అక్కడ మిద్దెల మీద పొద్దుగూకేదాకా పతంగులే. మాంజా, ఢీల్, పేంచ్ ఉర్దూ మాటలని మాకెవరికీ తట్టలేదు. పక్కింటి కుమ్మరోళ్ళ పిలగాడికి ఉర్దూ అక్షరం ముక్క రాదు. కానీ వాడు నా పతంగి కోసి ‘అఫా!’ అని అరిస్తే బజారు బజారంతా వినబడేది. గోటీలాటలో నేను ఒకటి, రెండు, మూడు అని తెలుగులోనే లెక్కపెట్టేవాణ్ణి. ఏక్, దో అంటే తొండి చేస్తున్నానని అనేవాళ్ళు. వాడి గెలుపు కేక ఉర్దూది, నా లెక్క తెలుగుది. ఆ మిద్దె మీద అదేం వింత కాదు.

వింత అని తెలిసింది బి.ఏ. చదివి పత్రికలో చేరాక. ఓ సంక్రాంతికి మా జిల్లాల ఆటల మీద వార్తాకథనం రాశాను. తెల్లారి చూస్తే చిర్రగోనె బిళ్ళంగోడైంది. పతంగి గాలిపటమైంది. అఫా అసలే లేదు. అడిగితే డెస్క్ పెద్దాయన మంచిగానే చెప్పాడు: “అందరికీ అర్థం కావాలి కదా తమ్ముడూ.” ఆ ‘అందరి’లో దేవరకొండ లేదు, కల్వకుర్తి లేదు. గాలిపటం మాకు అర్థం కావాలె, పతంగి వాళ్ళకు అర్థం కానక్కర్లేదు.

ఆ రోజుల్లోనే క్రీడల పేజీకి ఏజెన్సీ వార్తలు తర్జుమా చేస్తూ ఆస్ట్రేలియా వాళ్ళ సంగతి చదివాను. వాళ్ళకూ ఇదే పేచీ. మెల్‌బోర్న్‌లో ‘ఫుటీ’ అంటే కోలబంతితో, జట్టుకు 18 మందితో ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. అదే మాట సిడ్నీలో అంటే రగ్బీ లీగ్. 1990లో విక్టోరియా లీగ్ పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌గా మారాక, సిడ్నీ వైపు చాలామంది ఆ ఆటనే ఏఎఫ్ఎల్ అంటున్నారు. గిట్టనివాళ్ళు ‘గాలిలో పింగ్‌పాంగ్’ అని వెక్కిరిస్తారు. ఈ రెండు లోకాల మధ్య ఉన్న హద్దుకు 1978లో ఇయాన్ టర్నర్ అనే చరిత్రకారుడు, రాన్ బరాసీ అనే ఆటగాడి పేరు మీద ‘బరాసీ గీత’ అని పేరు కూడా పెట్టాడు. చదివి నవ్వుకున్నాను. తర్వాత కడుపులో కలుక్కుమంది. ఆ గీతకు ఏ పక్కనున్నా వాణ్ణి ‘నువ్వు ఈ దేశపోడివేనా?’ అని ఆ ఒక్క మాటను బట్టి ఎవరూ అడగరు కదా!

మెల్‌బోర్న్ అంటే నాకు ఇంకొకటి యాదికొస్తది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం పోయి తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి. శిక్షకుడు మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో నూర్ మహమ్మద్ ఉన్నాడు, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. వాళ్ళు మైదానంలో ఏ భాషలో కేకలేసుకున్నారో డెస్క్‌లో కూర్చుని దిద్దినవాళ్ళు లేరు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. చిర్రగోనె గెలిచింది. ఇప్పుడు దాన్ని శీర్షికలోనే పెడుతున్నారు. పతంగి కూడా తలెత్తుకుంది. నేనూ సంబరపడ్డాను, ఉద్యమంలో నేనూ అక్షరాలు మోసినవాణ్ణే. మళ్ళీ ఓ సంక్రాంతికి అదే మిద్దె గురించి రాశాను. ఈసారి దిద్దినవాడు మా పాలమూరు పిలగాడే, నన్ను అన్నా అని పిలిచేవాడు. “అన్నా, అఫా తీసేసిన. అది మన మాట కాదు గదా, మీది.”

మన, మీ. ఒక్క అక్షరం తేడా. కోస్తా పెద్దాయన నా మాటను కొట్టేసినప్పుడు నా పక్కన నిలబడాల్సిన తమ్ముడు వీడు. గెలిచినంక గీత ఇంకొంచెం లోపలికి జరిపి, నన్ను అవతల ఉంచిండు. కోపం రాలేదు. కుమ్మరోళ్ళ పిలగాడి గొంతు చెవుల్లో మోగింది. అఫా నాదైతే, మరి వాడిదేది?

మహారాష్ట్రలో ఇదే ఆటను విటీ దాండూ అంటారు. అక్కడి పిల్లల పాత లెక్క ‘వకట్, లేండ్, మూండ్, నాల్’. చెవి పెట్టి వినండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మరాఠీ తల్లుల బిడ్డలు మన అంకెలతో ఆటాడుకున్నారు. ఆ అంకెలు ఎవరివని గుంత దగ్గర ఎవరూ పంచాయితీ పెట్టలేదు. ఆట నడవాలంటే లెక్క కావాలె, అంతే.

ఆ తమ్ముడికి ఇదంతా చెప్పాను. విన్నాడు, ‘పేజీ పోయింది గదన్నా’ అన్నాడు.

అందుకే ఈ సంకలనం సంపాదకులకు ఒక మనవి. అచ్చుతప్పులుంటే దిద్దుకోండి. చిర్రగోనెను, గిల్లీ డండాను పక్కపక్కనే ఉంచండి. అఫాను కొట్టెయ్యకండి, పక్కన అర్థం కూడా వెయ్యకండి. కల్వకుర్తి మిద్దె మీద దాని అర్థం ఎవరూ అడగలేదు.