నక్షత్రం వెనక మూడక్షరాలు

మా తాత తమ్ముణ్ణి చిన్నతాత అనేవాళ్లం. 1942లో షోలాపూర్‌లో నూలు దొరకక మగ్గం ఆగిపోతే, మిలట్రీలో చేరి బర్మా దిక్కు పోయిండు. 1944లో ఉత్తరాలు ఆగిపోయినయి. ఏడాది దాటినా జాడ లేదు. ఇక లేడనుకొని పెద్దమనుషులు వచ్చి చిన్నవ్వను పుస్తె తీసెయ్యమన్నరట. "పీనుగను చూపియ్యుండ్రి, తీస్త" అన్నదట ఆమె. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు. 1946లో చిన్నతాత తిరిగొచ్చిండు. వానకాలం వస్తే చలిజ్వరంతో వణికేవాడు. యుద్ధం సంగతి అడిగితే మాత్రం బీడీ ముట్టించుకొని బయటికి పోయేవాడు.

మిల్లు నుంచి రిటైరైనంక ఆయన కథ వెతకాలని నాకు పట్టుదల పుట్టింది. మా మనవరాలు ఫోన్‌లో చూసి పెట్టింది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్లు చనిపోయిన సైనికుల పేర్లన్నీ రాసి పెట్టిన్రు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి కూడా దొరకనివాళ్ల పేర్లే దాదాపు 27,000 రాతి స్తంభాల మీద ఉన్నయి. మంచి పనే. కాని ఆ పట్టికల్లో ఉండేది చనిపోయినవాళ్లే. ఆ యుద్ధంలో మన ఫౌజులో 25 లక్షల మంది పనిచేసిన్రు, ఎక్కువ మంది తిరిగొచ్చిన్రు. బతికొచ్చి మళ్లీ మగ్గం ముందర కూసున్నోడి పేరు ఏ రాతి మీద ఉంటది?

చిన్నవ్వ పోయినంక ఆమె ట్రంకు పెట్టె మా ఇంటికొచ్చింది. అందులో ఆరు మొనల బిళ్ల ఒకటి ఉన్నది. బర్మా స్టార్ అంటరు. మిల్లులో బట్ట దారాలు లెక్కపెట్టే అద్దం నా దగ్గర ఇంకా ఉంది. దానితో బిళ్ల వెనకవైపు చూస్తే నంబరు, పేరు, చివర ఇంగ్లీషులో ఐ.పి.సి. అని మూడక్షరాలు కనబడ్డయి. ఇంటిపేరు లేదు. ఉన్న పేరు కూడా దొరలకు నోరు తిరిగినట్టు రాసిన్రు.

ఐ.పి.సి. అంటే ఇండియన్ పయనీర్ కోర్. తుపాకీ కన్నా పార, గడ్డపార ఎక్కువ పట్టిన దళం. కొండల్లో రోడ్లు వేసుడు, విమానాలు దిగే జాగా చదును చేసుడు, మూటలు మోసుడు వాళ్ల పని. 1944లో జపానోళ్లు కోహిమా దగ్గర ఇంఫాల్ రోడ్డు తెగ్గొడితే జూన్ 22 దాకా అది తెరుచుకోలేదు. ఆ యుద్ధంలో రోడ్డంటే ప్రాణం.

చాళ్ ముందర కొత్తగా రోడ్డు వేస్తే చిన్నతాత చెప్పులు విడిచి దాని మీద నడిచి చూసేవాడు. "రాళ్లు సరిగ కూసోలేదు, వానకు పోతది" అనేవాడు. పోయేది కూడా. నేతపని చేసెటాయనకు రోడ్ల సంగతి ఎట్ల తెలుసని అప్పుడు అందరికీ వింతే.

బెంగళూరులో పయనీర్ కోర్ కేంద్రం ఉంది. నంబరు రాసి ఉత్తరం వేసిన. మీ ఇండ్లలో ఇట్లాంటి బిళ్ల ఉంటే పాత సామానోడికి వెయ్యకండి. తిప్పి చూడండి. ఇంట్లో ముసలమ్మలు ఉంటే వాళ్లను అడగండి. అక్షరాలు కనబడకపోతే ఆదివారం పొద్దున మా ఇంటికి తీసుకరండి, అద్దం ఉంది.